సోరోరిటీ చాప్టర్‌లో స్కాలర్‌షిప్ నిధి: విరాళం అడగడం నుంచి అమ్మాయి ఫీజు కట్టేదాకా

మా సోరోరిటీ చాప్టర్ (స్థానిక శాఖ) ఇచ్చిన మొట్టమొదటి స్కాలర్‌షిప్ వెయ్యి డాలర్లు. ఏప్రిల్‌లో విందు పెట్టి, అమ్మాయిని వేదిక మీదకు పిలిచి, పెద్ద అట్ట చెక్కు చేతికిచ్చి ఫొటోలు దిగాం. అసలు చెక్కు వెళ్లింది మాత్రం అక్టోబరులో. టికెట్ల డబ్బు ఒకరి ఖాతాలో, విరాళాలు ఇంకొకరి వెన్మో (డబ్బు పంపుకునే యాప్) ఖాతాలో ఉండిపోయాయి. హాలు అద్దె ఎవరు కట్టారో ఎవరికీ గుర్తులేదు. లెక్క తేలేసరికి అంత ఆలస్యమైంది. ఈలోపు ఆగస్టులోనే ఫీజు గడువు అయిపోయింది. వాళ్ల అమ్మ క్రెడిట్ కార్డు మీద కట్టారని తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. "థాంక్యూ ఆంటీ" అని మెసేజ్ పెట్టింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఈ పని మొదలుపెడుతున్నామని ఎవరు చెప్పినా నేను ముందు ఒకటే అంటాను. విందు ఎప్పుడు పెట్టాలా అని ఆలోచించకండి. అమ్మాయి ఫీజు ఏ రోజు కట్టాలో కనుక్కుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి.

సోరోరిటీలంటే తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు. అమెరికా కాలేజీల్లో గ్రీకు అక్షరాల పేర్లతో నడిచే విద్యార్థినుల సంఘాలివి. కప్పా ఆల్ఫా థీటా, కప్పా కప్పా గామా 1870లో మొదలయ్యాయి. వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థినులు 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫాను, 1913లో డెల్టా సిగ్మా థీటాను స్థాపించుకున్నారు. దక్షిణాసియా అమ్మాయిల సోరోరిటీలు వచ్చింది 1998లో. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో కప్పా ఫై గామా, హ్యూస్టన్ యూనివర్సిటీలో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్ సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో, మూడూ ఆ ఒక్క ఏడాదిలోనే పుట్టాయి. మన తెలుగు ఇళ్లలోని అమ్మాయిలు కూడా వీటిలో చేరుతున్నారు. సినిమాల్లో చూపించే పార్టీలే సోరోరిటీ అనుకుని టెన్షన్ పడే తల్లిదండ్రులకు నేను చెప్పేదేమిటంటే, చదువు అయిపోయాక కూడా ఈ సభ్యత్వం పోదు. ఉద్యోగాలు చేసుకుంటున్న పూర్వ విద్యార్థినులు ఊరూరా చాప్టర్లుగా కలుస్తారు. వాళ్లు చేసే పనుల్లో పెద్దది, వెనకొచ్చే అమ్మాయిల చదువుకు డబ్బు పోగుచేయడం. ఆల్ఫా కప్పా ఆల్ఫా వాళ్లయితే ఇందుకోసమే 1980లో విడిగా ఒక ఫౌండేషన్ పెట్టుకున్నారు.

మీ కూతురు చాప్టర్ ట్రెజరర్ అయినా, మీరే పూర్వ విద్యార్థినుల చాప్టర్‌లో ఉన్నా, ఈ పని ఇలా చేయొచ్చు.

మొదటి అడుగు: క్యాలెండర్ వెనక నుంచి రాయండి

ఫాల్ సెమిస్టర్ ఫీజు చాలా యూనివర్సిటీల్లో ఆగస్టులో కట్టాలి. మీ డబ్బు అక్కడికి చేరి అమ్మాయి ఖాతాలో కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి జులై మొదటి వారానికల్లా చెక్కు పంపాలి. హైస్కూల్ పూర్తిచేసే పిల్లలు ఏ కాలేజీలో చేరేదీ చెప్పడానికి ఎక్కువ చోట్ల మే 1 ఆఖరు తేదీ. మీ వెయ్యి డాలర్లు ఆ నిర్ణయానికి పనికిరావాలంటే ఏప్రిల్ మధ్యకల్లా వాళ్లకు కబురు అందాలి. అంటే దరఖాస్తులు మార్చిలో చదవాలి, జనవరి, ఫిబ్రవరి నెలల్లో తీసుకోవాలి. మరి ఎన్ని స్కాలర్‌షిప్‌లు, ఎంతెంత అని ప్రకటించాలంటే డిసెంబరు 31 నాటికి డబ్బు చేతిలో ఉండాలి. డబ్బు అడిగే పని సెప్టెంబరు నుంచి నవంబరు దాకా.

అంటే ఈ ఏడాది పోగుచేసింది వచ్చే ఏడాది అమ్మాయికి వెళ్తుంది. దీనికి చాప్టర్‌లో చాలామంది ఒప్పుకోరు, "ఈ సంవత్సరమే ఇచ్చేద్దాం" అంటారు. మీరు గట్టిగా నిలబడండి. బ్యాంకులో లేని డబ్బును ప్రకటించవద్దు. ఏప్రిల్ విందులో వస్తుందనుకున్న డబ్బుతో మేం మాట ఇచ్చాం కాబట్టే అంత పని జరిగింది.

రెండో అడుగు: డబ్బు ఎవరి పేరు మీద ఉండాలో తేల్చండి

ఇక్కడ తొందరపడితే తర్వాత విప్పుకోవడం కష్టం.

అమెరికా పన్ను చట్టంలో సోరోరిటీ చాప్టర్లు ఎక్కువగా 501సి7 కిందకు వస్తాయి. అంటే సోషల్ క్లబ్. క్లబ్‌కు ఆదాయపు పన్ను ఉండకపోవచ్చు గానీ, దానికి విరాళం ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు రాదు. సభ్యులు కానివాళ్ల నుంచి వచ్చే రాబడి మొత్తంలో 35 శాతం దాటకూడదనే హద్దు కూడా ఉంది. విరాళానికి మినహాయింపు కావాలంటే డబ్బు వెళ్లాల్సింది 501సి3, అంటే ధర్మసంస్థగా గుర్తింపు ఉన్న సంస్థకు. "మాకిస్తే టాక్స్‌లో తగ్గుతుంది" అని తెలియక చెప్పేసే ట్రెజరర్లున్నారు. అది తప్పుడు మాట అవుతుంది, దాత రిటర్న్‌లో ఇబ్బంది వస్తుంది.

మీ ముందు నాలుగు దారులున్నాయి. మొదటిది మీ జాతీయ సోరోరిటీకి ఉన్న ఫౌండేషన్. చాలా పాత సోరోరిటీలకు ఇది ఉంటుంది. అందులో మీ చాప్టర్ పేరుతో ఒక నిధి తెరిపించుకుంటే రసీదులు, పన్ను కాగితాలు వాళ్లే చూసుకుంటారు. రెండోది మీ ఊరి కమ్యూనిటీ ఫౌండేషన్, అంటే దాతల నిధులను ఊరి కోసం నడిపే ధర్మసంస్థ. 1914లో క్లీవ్‌లాండ్‌లో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు దేశమంతా ఉంది. వాళ్ల దగ్గర స్కాలర్‌షిప్ నిధి పెట్టొచ్చు. కొంత రుసుము తీసుకుంటారు, ఎంపిక కమిటీని వాళ్లే నియమిస్తారు, అందులో మీవాళ్లది పైచేయి కాకూడదు. మూడోది నేరుగా యూనివర్సిటీకే ఇచ్చి అక్కడ నిధి పెట్టించడం. నాలుగోది మీ సొంత 501సి3 ఫౌండేషన్. ఏడాదికి 50,000 డాలర్లకు మించి రాబడి ఉండదని, ఆస్తి 2,50,000 డాలర్లు దాటదని అనుకుంటే చిన్న దరఖాస్తు, అంటే ఫారం 1023-ఈజెడ్ సరిపోతుంది. దానికి ఫీజు 275 డాలర్లు. పెద్ద ఫారం 1023కి 600.

నా సలహా అడిగితే, ఏడాదికి ఐదారు వేల డాలర్లు పోగుచేసే చాప్టర్ సొంత ఫౌండేషన్ జోలికి వెళ్లొద్దు. ఫారం నింపడం తేలికే. ఆ తర్వాత ప్రతి ఏడాదీ బోర్డు, మినిట్స్, రాష్ట్ర రిజిస్ట్రేషన్, ఐఆర్‌ఎస్ (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) రిటర్న్, అన్నీ చూసుకునేవాళ్లు పదేళ్ల తర్వాత కూడా ఉండాలి కదా. జాతీయ ఫౌండేషన్ ఉంటే ముందు వాళ్లకు ఫోన్ చేయండి. పేరు, లోగో వాడుకోవడానికి, ఈవెంట్ ఇన్సూరెన్స్‌కు ఎలాగూ హెడ్‌క్వార్టర్స్ అనుమతి కావాలి.

మూడో అడుగు: బ్యాంకు ఖాతా

డ్యూస్, అంటే సభ్యులు కట్టే రుసుముల ఖాతా వేరు, స్కాలర్‌షిప్ ఖాతా వేరు. ఇందులో రాజీ లేదు. టీషర్టులకు, ఫార్మల్ డాన్స్‌కు, పిజ్జాలకు వాడే ఖాతాలో స్కాలర్‌షిప్ డబ్బు వేస్తే, ఎవరూ దొంగతనం చేయకపోయినా అది కరిగిపోతుంది. "వచ్చే నెల సర్దేద్దాం" అంటూనే కరిగిపోతుంది.

ఖాతా చాప్టర్ లేదా ఫౌండేషన్ ఈఐఎన్, అంటే ఐఆర్‌ఎస్ సంస్థకిచ్చే నంబరుతో తెరవాలి, ఎవరి సోషల్ సెక్యూరిటీ నంబరు మీదా కాదు. చెక్కు మీద ఇద్దరి సంతకాలుండాలి. నెలనెలా స్టేట్‌మెంట్‌ను సంతకం చేసే అధికారం లేని మూడో మనిషి చూడాలి. ఇది ఎవరినీ అనుమానించి చేసేది కాదు. ఇరవై ఏళ్ల అమ్మాయి చేతిలో వేల డాలర్లు పెట్టి ఒంటరిగా వదిలేస్తే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు నింద ఆ పిల్ల ఒక్కదాని మీదే పడుతుంది. ఇంకో ఇద్దరు చూస్తున్నారంటే తనకే రక్షణ.

సొంత వెన్మో, జెల్ లాంటి యాప్‌లలో విరాళాలు తీసుకోవద్దు. 501సి3 సంస్థలకు పేపాల్, వెన్మోల్లో విడిగా చారిటీ ఖాతాలు ఇస్తారు.

మన పెళ్లిళ్లలో చదివింపులు రాసే మనిషి ఒక పక్కన పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు చూడండి. ఎవరు ఎంత చదివించారో పేరు, ఊరుతో సహా రాస్తాడు. అచ్చం అలాగే రాయండి. తేదీ, పేరు, చిరునామా, మొత్తం, ఎలా వచ్చింది, దేనికి ఇచ్చారు. ఈవెంట్ జరిగిన రాత్రే ఇద్దరు కూర్చుని నగదు లెక్కపెట్టి, కాగితం మీద సంతకాలు పెట్టి, మర్నాడు బ్యాంకులో వేయండి.

నాలుగో అడుగు: ఎంత కావాలో అంకె రాసుకోండి

రెండు రకాల నిధులున్నాయి. ఏడాదికి ఆ ఏడాది పోగుచేసి ఇచ్చేది ఒకటి, అసలు ముట్టుకోకుండా వచ్చే ఆదాయంతో ఇచ్చేది ఇంకోటి. రెండోదాన్నే ఎండోమెంట్ అంటారు. ఏడాదికి 4 శాతం తీసి ఇద్దామనుకుంటే, వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్‌కు 25,000 డాలర్లు కూడాలి. అందరికీ ఎండోమెంట్ మీదే మోజు, మన పేరు ఎప్పటికీ ఉంటుందని. కానీ ఆ 25,000 కూడే లోపు నాలుగేళ్ల కోర్సులో ఉన్న పిల్లలు చదువు ముగించి వెళ్లిపోతారు. ముందు ఏడాదికో ఇద్దరికి ఇవ్వడం మొదలుపెట్టండి. వచ్చినదాంట్లో పదో వంతు పక్కన పెడుతూ పోతే ఎండోమెంట్ తర్వాత చూసుకోవచ్చు.

వచ్చే రెండేళ్లలో ఇవ్వాల్సిన డబ్బును షేర్లలో పెట్టొద్దు. 2008లో ఎస్ అండ్ పీ 500 సూచీ మూడో వంతుకు పైగా పడిపోయింది. ఆ ఏడాది కూడా పిల్లల ఫీజు గడువు ఆగస్టులోనే వచ్చింది. సేవింగ్స్ ఖాతాలోనో, సీడీలోనో (ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది) పెట్టండి. బ్యాంకులో 2,50,000 డాలర్ల దాకా ఎఫ్‌డీఐసీ అనే ప్రభుత్వ బీమా హామీ ఉంటుంది.

ఐదో అడుగు: డబ్బు అడగడం

అడగడానికి మొహమాటపడేవాళ్లకు నేను ఒక లెక్క చూపిస్తాను. పాతిక మంది పూర్వ విద్యార్థినులు నెలకు 20 డాలర్ల చొప్పున ఇస్తే ఏడాదికి 6,000 డాలర్లు. హాలు లేదు, కేటరింగ్ లేదు, డీజే లేడు. మూడు నెలలు కష్టపడి చేసిన గాలా విందులో ఖర్చులు పోను ఇంత మిగలడం కష్టం. అందుకే మొదట నెలనెలా ఇచ్చేవాళ్లను కూడగట్టండి. గుంపు మెసేజ్ పెడితే ఎవరూ పలకరు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "అక్కా, పోయినసారి మనం ఇచ్చిన అమ్మాయి ఇప్పుడు నర్సింగ్ రెండో ఏడాది" అని చెప్పి అడగండి. అమ్మాయి పేరు చెప్పాలంటే ముందు ఆమె అనుమతి తీసుకోండి.

తర్వాత కంపెనీల మ్యాచింగ్. ఉద్యోగి ఇచ్చినంతా తామూ కలిపి ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. మన తెలుగువాళ్లు అంతమంది ఐటీలో ఉన్నారు కాబట్టి ఇది మరిచిపోకూడనిది. 100 డాలర్లు ఇచ్చినావిడ కంపెనీ పోర్టల్‌లో, చాలా చోట్ల అది బెనెవిటీ, రెండు నిమిషాలు వెచ్చిస్తే 200 అవుతుంది. అయితే 501సి3 సంస్థకు ఇచ్చినదానికే మ్యాచింగ్ వస్తుంది. రెండో అడుగు మీద అంతసేపు మాట్లాడింది ఇందుకే.

70 ఏళ్ల 6 నెలలు దాటిన పెద్దక్కలుంటే, వాళ్ల ఐఆర్‌ఏ (రిటైర్మెంట్ పొదుపు) ఖాతా నుంచి నేరుగా 501సి3 ఫౌండేషన్‌కు ఇవ్వొచ్చు. ఆ మొత్తం వాళ్ల ఆదాయంలో కలవదు. ఇక 2026 నుంచి, ఐటమైజ్ చేయనివాళ్లకు, అంటే మినహాయింపులు విడివిడిగా చూపకుండా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లకు కూడా నగదు విరాళాల మీద ఒంటరిగా ఫైల్ చేస్తే 1,000 డాలర్లు, జంటగా అయితే 2,000 డాలర్ల దాకా మినహాయింపు ఉంది. "మేం స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటాం, మాకేం లాభం" అనేవాళ్లకు ఈ మాట చెప్పండి.

థాంక్స్‌గివింగ్ తర్వాతి మంగళవారం గివింగ్ ట్యూస్‌డే. 2012లో మొదలైంది. ఆ రోజు అందరూ అడుగుతారు కాబట్టి మీ మెసేజ్ మునిగిపోతుంది. వారం ముందే ఫోన్లు చేసుకుని, ఆ రోజు గుర్తు చేయడానికి మాత్రం వాడుకోండి.

ఈవెంట్లు వద్దనడం లేదు. మనుషులు కలవాలి, కొత్తవాళ్లకు చాప్టర్ తెలియాలి. డెల్టా సిగ్మా థీటా వాళ్ల జాబర్‌వాక్ అనే ప్రదర్శన 1925లో బోస్టన్‌లో మొదలై స్కాలర్‌షిప్‌ల కోసం ఇప్పటికీ ఊరూరా జరుగుతోంది. క్యాంపస్‌లో మెహందీ స్టాల్, చాయ్ సమోసా, దీపావళి రాత్రి డాన్స్ పోటీ, ఇవన్నీ పిల్లలు బాగా చేస్తారు. తినేవి అమ్మేముందు యూనివర్సిటీ నియమాలు, ఊరి హెల్త్ పర్మిట్ చూసుకోవాలి.

విందు టికెట్ల దగ్గర ఒక జాగ్రత్త. టికెట్ 100 డాలర్లు, భోజనం విలువ 40 అనుకుందాం. దాతకు విరాళంగా లెక్కకు వచ్చేది 60 మాత్రమే. ఇలా ఏదైనా ఇచ్చి తీసుకునే మొత్తం 75 డాలర్లు దాటితే ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత సంస్థదే. 250 డాలర్లు, అంతకు పైబడిన ఏ విరాళానికైనా రసీదు లేకుండా దాతకు మినహాయింపు రాదు. ఆ రసీదులో బదులుగా ఏమిచ్చారో, ఏమీ ఇవ్వకపోతే ఆ మాటా ఉండాలి. రాఫిల్, అంటే లాటరీ టికెట్టు అసలు విరాళమే కాదు. పైగా రాఫిల్ చట్టం రాష్ట్రానికొకటి. టెక్సస్‌లో బహుమతిగా నగదు ఇవ్వకూడదు. మీ రాష్ట్రంలో ఏముందో చూడకుండా టికెట్లు అచ్చు వేయించకండి. ఆన్‌లైన్‌లో జనాన్ని విరాళాలు అడగాలన్నా చాలా రాష్ట్రాల్లో ముందు నమోదు చేసుకోవాలి.

ఆరో అడుగు: ఎవరికి ఇవ్వాలి

స్కాలర్‌షిప్ పలానా అమ్మాయికని ముందే అనుకుని విరాళం తీసుకోకూడదు. "మా చెల్లెలి కూతురికి ఇచ్చేటట్టయితే రెండు వేలు ఇస్తా" అని ఒకరు ఆప్యాయంగానే అంటారు. మర్యాదగా వద్దనండి. అది ఒక మనిషికి ఇచ్చిన కానుక అవుతుంది, ధర్మనిధికి ఇచ్చిన విరాళం కాదు. అర్హత ఉన్న ఒక వర్గమంతా దరఖాస్తు చేసుకోగలగాలి, ఎంపిక ముందే రాసుకున్న కొలతల ప్రకారం జరగాలి. మీ సభ్యులకు మాత్రమే ఇవ్వొచ్చా అని అడుగుతారు. ఒక ఫ్రెటర్నిటీ (అబ్బాయిల సంఘం) సభ్యులకే స్కాలర్‌షిప్‌లు ఇచ్చే ఫౌండేషన్‌కూ పన్ను మినహాయింపు ఉండొచ్చని ఐఆర్‌ఎస్ 1956లోనే రూలింగ్ ఇచ్చింది. అయినా నా మనసు మాత్రం ఊళ్లోని హైస్కూల్ అమ్మాయిలందరికీ తెరిచి ఉంచడం వైపే మొగ్గుతుంది. డ్యూస్ కట్టగలిగిన పిల్లల కంటే అసలు సోరోరిటీ గడప తొక్కలేని పిల్లల అవసరం పెద్దది.

జాతి, వంశం ఆధారంగా అర్హత పెట్టాలనుకుంటే ఒక లాయర్‌తో మాట్లాడండి. కాలేజీ అడ్మిషన్లలో జాతిని చూడడం మీద 2023లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఇలాంటి స్కాలర్‌షిప్‌ల మీద కూడా కేసులు, ఫిర్యాదులు పెరిగాయి. "దక్షిణాసియా అమ్మాయిలకే" అనడం కంటే, ఆ సమాజంలో సేవ చేసిన ఎవరైనా అనడం మేలని మా చాప్టర్‌కు సలహా వచ్చింది. మేం అలాగే మార్చాం.

కమిటీలో ఐదుగురు చాలు. అందులో ఒకరు బయటివాళ్లయితే మంచిది, ఉదాహరణకు రిటైరైన స్కూల్ కౌన్సెలర్. బంధువులు, తెలిసినవాళ్ల పిల్లలు దరఖాస్తు పెడితే ఆ సభ్యురాలు పక్కకు తప్పుకోవాలి. మన తెలుగువాళ్లలో అందరూ అందరికీ ఆంటీలే కాబట్టి ఈ తప్పుకోవడం తరచుగా జరుగుతుంది, బదులు కూర్చోడానికి ఇద్దరిని ముందే అనుకోండి. పేర్లు, స్కూలు పేర్లు తీసేసి నంబర్లు వేసి చదవండి. ఎవరి మార్కులు వాళ్లు ఇంట్లోనే వేసుకుని రావాలి. గదిలో కూర్చుని వేస్తే మొదట మాట్లాడినావిడ అభిప్రాయమే అందరిదీ అవుతుంది.

జీపీఏ (నాలుగుకు లెక్కించే మార్కుల సగటు) హద్దు 3.0 అని పెట్టేసి ఊరుకోకండి. ఒకసారి 2.8 ఉన్న దరఖాస్తు మా నియమం వల్ల చదవకుండానే పక్కకు పోయింది. వారానికి పాతిక గంటలు గ్రోసరీ స్టోర్‌లో పనిచేస్తూ తమ్ముణ్ని స్కూలుకు దింపి తీసుకొచ్చే అమ్మాయి అని తర్వాత ఎవరో చెప్తే తెలిసింది. మరుసటి ఏడాది మేం హద్దు తీసేసి, ఇంటి బాధ్యతలకూ ఉద్యోగానికీ మార్కులు పెట్టాం. డాన్సులు, క్లబ్బులు, విదేశీ సేవా యాత్రలు డబ్బున్న ఇళ్ల పిల్లలకే ఎక్కువ ఉంటాయని మరవకండి.

దరఖాస్తు చిన్నదిగా ఉంచండి. ఒక వ్యాసం, ఒక సిఫారసు లేఖ, ట్రాన్స్‌క్రిప్ట్. సోషల్ సెక్యూరిటీ నంబరు అడగొద్దు. ఆర్థిక అవసరం చూపడానికి ఫాఫ్సా (ఫెడరల్ విద్యా సాయానికి పెట్టే దరఖాస్తు) కాగితం అడుగుతారు గానీ, ఎఫ్-1 వీసా మీద వచ్చిన విద్యార్థినులు ఫాఫ్సాతో ఫెడరల్ సాయం పొందలేరు. హైదరాబాద్, విజయవాడల నుంచి ఎమ్మెస్‌కు వచ్చిన పిల్లలకూ అర్హత ఇవ్వదలచుకుంటే వేరే రుజువు అంగీకరిస్తామని రాయండి. వద్దనుకుంటే అదీ స్పష్టంగా రాయండి, పాపం రెండు రాత్రులు కూర్చుని నింపాక తెలియడం కంటే మేలు.

ఎంపిక కానివాళ్లకు కూడా ఉత్తరం వెళ్లాలి. ఇది ఎవరూ చేయరు. చేయండి.

ఏడో అడుగు: డబ్బు అమ్మాయికి చేరడం

చెక్కు అమ్మాయి పేరు మీద కాకుండా యూనివర్సిటీ పేరు మీద రాసి, అమ్మాయి పేరు, విద్యార్థి నంబరు వేసి, ఏ సెమిస్టర్‌కు ఎంతో ఒక లేఖ జతచేసి పంపండి. ముందు అక్కడి ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు ఫోన్ చేసి బయటి స్కాలర్‌షిప్‌లు ఏ చిరునామాకు పంపాలో అడగండి. పంపిన రెండు వారాలకు అమ్మాయినే అడగండి, "ఖాతాలో కనబడిందా?" అని. ఆమె అవునని చెప్పేదాకా మీ పని అయినట్టు కాదు.

ఫోన్‌లో ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి. "మా వెయ్యి వస్తే మీరిచ్చే గ్రాంటులో వెయ్యి తగ్గిస్తారా?" చాలా కాలేజీలు తగ్గిస్తాయి. మొత్తం సాయం చదువు ఖర్చును దాటకూడదని ఫెడరల్ నియమం ఒకటుంది, దానికి తోడు కాలేజీ సొంత పద్ధతులు. మీరంతా కష్టపడి పోగుచేసిన డబ్బు అప్పుడు అమ్మాయికి కాక కాలేజీకి మిగులుతుంది. పబ్లిక్ యూనివర్సిటీల్లో దీన్ని అడ్డుకుంటూ చట్టం చేసిన మొదటి రాష్ట్రం మేరీలాండ్, 2017లో. చట్టం లేని చోట కూడా అడిగితే వినేవాళ్లున్నారు. "ముందు లోన్, వర్క్ స్టడీ (చదువుతూ చేసే పని) తగ్గించండి, గ్రాంటు ముట్టుకోకండి" అని లేఖలో రాయండి. ఒప్పుకోకపోతే డబ్బు రెండు సెమిస్టర్లకు విడదీయడమో, మరుసటి ఏడాదికి జరపడమో అమ్మాయితో మాట్లాడి చూడండి.

పన్ను విషయం అమ్మాయికి ఒక్క పేజీలో చెప్పండి. డిగ్రీ చదివేవాళ్లకు ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, కోర్సుకు కావాల్సిన పుస్తకాలు, సామగ్రికి వాడిన స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. హాస్టల్ గదికి, భోజనానికి వాడితే అది ఆదాయమే. ఎఫ్-1 విద్యార్థినులకైతే, పన్ను పడే భాగం మీద ఇచ్చేవాళ్లే మామూలుగా 14 శాతం పట్టి ఐఆర్‌ఎస్‌కు కట్టాలి. చిన్న చాప్టర్‌కు ఇది మోయలేని పని. మీ స్కాలర్‌షిప్ ట్యూషన్, ఫీజు, పుస్తకాలకు మాత్రమే అని నియమాల్లోనే రాసేస్తే ఈ చిక్కు దాదాపు ఉండదు.

ఇదే నిధి నుంచి మన ఊళ్లో చదివే అమ్మాయికి కూడా పంపుదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మంచి ఆలోచనే, కానీ ఈ నిధిలో కలపకండి. భారత్‌లో విదేశీ విరాళాలు తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ అనుమతి ఉండాలి, ఇక్కడి ఫౌండేషన్ ఆ డబ్బు ఎలా ఖర్చయిందో చూసుకోవాలి. దానికి విడిగా సమయం పెట్టండి.

ఎనిమిదో అడుగు: కాగితాలు, అప్పగింతలు

రాబడి మామూలుగా 50,000 డాలర్లు దాటని సంస్థ ఐఆర్‌ఎస్‌కు ఏటా పంపాల్సింది 990-ఎన్ అనే చిన్న ఆన్‌లైన్ ఫారం. పది నిమిషాల పని. లెక్కల సంవత్సరం డిసెంబరుతో ముగిస్తే మే 15 గడువు. వరుసగా మూడేళ్లు పంపకపోతే పన్ను మినహాయింపు హోదా దానంతటదే రద్దవుతుంది. ఇలా పోగొట్టుకున్న చిన్న సంస్థలు కొల్లలు. పిల్లల చాప్టర్లలో ఇది ఎందుకు జరుగుతుందో చెప్తాను. మే నెలలో పరీక్షలు, గ్రాడ్యుయేషన్, ఇల్లు ఖాళీ చేయడం, అన్నీ ఒకేసారి. పాత ట్రెజరర్ వెళ్లిపోతుంది, కొత్త ట్రెజరర్‌కు ఆగస్టు దాకా ఏమీ తెలియదు. సరిగ్గా ఆ మధ్యలోనే 990-ఎన్ గడువు, జులై చెక్కు రెండూ ఉన్నాయి.

అందుకని అప్పగింతలు మార్చిలోనే మొదలుపెట్టండి. కొత్త ట్రెజరర్ రెండు నెలలు పాత ట్రెజరర్ పక్కన కూర్చుని చేయాలి. ఒక ఫైలులో ఈఐఎన్ ఉత్తరం, ఐఆర్‌ఎస్ హోదా లేఖ, బ్యాంకు స్టేట్‌మెంట్లు, దాతల పుస్తకం, ఎంపిక నియమాలు, కమిటీ మార్కుల కాగితాలు, యూనివర్సిటీకి పంపిన లేఖల నకళ్లు ఉంచండి. పాస్‌వర్డులు ఒక మనిషి ఈమెయిల్‌కు కాక చాప్టర్ ఈమెయిల్‌కు ముడిపడి ఉండాలి. దాతలకు సెప్టెంబరులో ఒక పేజీ ఉత్తరం వెళ్లాలి. ఎంత వచ్చింది, ఎంత ఇచ్చాం, ఎంత మిగిలింది, ఎంతమంది చదువుతున్నారు. ఆ పేజీ చదివినవాళ్లను మళ్లీ అడగడం సులువు.

ఏప్రిల్ ఆఖరులోగా పాత, కొత్త ట్రెజరర్లు ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లి సంతకాలు మార్పించుకోవాలి. ఎన్నిక జరిగినట్టు మినిట్స్ కాగితం, ఇద్దరి ఐడీలు పట్టుకెళ్లండి. అదే రోజు జులై చెక్కు వెళ్లాల్సిన యూనివర్సిటీ చిరునామా, అమ్మాయి ఫోన్ నంబరు కొత్త ట్రెజరర్ చేత రాయించండి.